మబ్బులో దాచిన పాటలు

గాలిలో మేడలు కట్టేవాళ్లను చూసి నవ్వుకునే రోజులు పోయాయి. ఇప్పుడు మనమంతా మబ్బులో గదులు అద్దెకు తీసుకున్నవాళ్లమే. పిల్లల ఫోటోలు, ఇంటి పత్రాల నకళ్లు, పెళ్లి వీడియోలు, పోయినవాళ్ల గొంతులు, అన్నీ అక్కడే. “ఎక్కడ పెట్టావు?” అంటే “క్లౌడులో” అంటున్నాం, చేత్తో పైకి చూపించడం ఒక్కటే తక్కువ. నిజానికి అది మబ్బూ కాదు, ఆకాశమూ కాదు. ఎక్కడో ఒక ఊళ్లో, చల్లటి హాళ్లలో, బీరువాల్లాగా వరసగా నిలబెట్టిన కంప్యూటర్లు. మన మూట పరాయివాళ్ల బీరువాలో ఉంటుంది. తాళంచెవి మన దగ్గర ఉన్నది కదా అని మనం నిశ్చింతగా నిద్రపోతూ ఉంటాం.

మూట అక్కడ పెట్టడం మహా సులువు. దాన్ని ఇంకొకచోటికి మార్చబోయినప్పుడే అసలు సంగతి తెలిసేది. అటక మీద ఏమేమి ఉన్నాయో అద్దె ఇల్లు మారేటప్పుడు కదా తెలిసేది!

మా కాలేజీ తెలుగు శాఖకు ఒక పాటల మూట ఉన్నది. 2009 నుంచి 2019 దాకా మా డిగ్రీ పిల్లలు సెలవులకు ఇళ్లకు వెళ్లినప్పుడల్లా తమ అమ్మమ్మలచేత, నాయనమ్మలచేత పాడించి రికార్డు చేసుకొచ్చిన పాటలు అవి. దంపుళ్ల పాటలు, నాట్ల పాటలు, లాలిపాటలు, అప్పగింతల పాటలు, బైరాగి తత్త్వాలు. కొన్ని ఉత్త గొంతులు, కొన్ని వీడియోలు. వెనక కోడి కూస్తూ ఉంటుంది, ఎవరో “ఒసే, పొయ్యి మీద పాలు” అని కేకేస్తూ ఉంటారు. పాడినవాళ్లలో సగంమంది ఇప్పుడు లేరు. అప్పటి మా శాఖాధిపతి మాస్టారు ఈ పని పిల్లలచేత చేయించి, అంతా కాలేజీ ఇచ్చిన తన క్లౌడు ఖాతాలో ఒక పెద్ద ఫోల్డరు చేసి పెట్టారు. మొత్తం 612 ఫైళ్లు, 18 జీబీ.

మాస్టారు 2023లో రిటైరయ్యారు. రిటైరైనవారి ఖాతాలు 2024 ఏప్రిల్ 30తో మూసివేస్తామని ఆఫీసువారు మార్చిలో కాగితం పంపించారు. మాస్టారు ఫోన్ చేసి, “ఏమమ్మా, నా ఫోల్డరు నీకు కనిపిస్తూనే ఉన్నది కదా! ఇంక భయమేమున్నది?” అన్నారు.

ఇక్కడే చాలామంది పొరబడేది. కనిపించడం వేరు, ఉండటం వేరు. ఒకరి ఫోల్డరు మనతో ‘షేరు’ చేశారంటే వాళ్ల ఇంటి కిటికీ తలుపు మనకోసం తెరిచి ఉంచారన్నమాట. లోపలి సామాను వాళ్లదే. వాళ్లు ఇల్లు ఖాళీ చేస్తే మన కిటికీలోంచి కనిపించేది బోసి గోడ. ‘షార్ట్‌కట్’ అని ఇంకొకటి ఉంటుంది. బొమ్మ మూలన చిన్న బాణం గుర్తుతో. అదీ అంతే. ఫలానా సామాను ఫలానా ఇంట్లో ఉన్నదని చెప్పే చీటీ. చీటీ దాచుకున్నవాడికి సామాను దక్కదు. అసలు ఫైలుకు మన ఖాతాలో, మన పేరున, వేరే ప్రతి తయారైతేనే అది నకలు.

సరే, నకలు తీద్దామంటే మొదటి అడ్డంకి చోటు. నకలు తీసిన ఫైలు తీసినవాళ్ల లెక్కలో పడుతుంది. నాకు ఉచితంగా ఉన్నది 15 జీబీ. అందులో ఉత్తరాలూ, మా అబ్బాయి అన్నప్రాశన మొదలు ఇంజనీరింగు దాకా ఫోటోలూ కలిసి 9 జీబీ ఆక్రమించుకొని కూర్చున్నాయి. కాపీ కొట్టబోతే సగంలో ఆగి ఎర్రక్షరాలు చూపిస్తుంది. కొన్నిచోట్ల అవి కూడా చూపించదు, చక్రం తిరుగుతూనే ఉంటుంది. అంచేత మొదట చూసుకోవలసింది ఫైళ్లు ఎన్ని అని కాదు, చోటెంత అని. నెలకు కాస్త సొమ్ము కట్టి చోటు పెంచుకుందామని ఇంట్లో అంటే, మావారు కళ్లజోడు పైకి తోసుకొని, “మబ్బులో స్థలం కొంటున్నావన్నమాట! రిజిస్ట్రేషను ఎక్కడ, మన ఊళ్లోనేనా?” అన్నారు.

రెండో అడ్డంకి, ఫోల్డరును ఫోల్డరుగా నకలు తీసే వీలు మాకు అక్కడ లేదు. ఒక్కొక్క ఫైలుకే ఆ సదుపాయం. 612 సార్లు నొక్కడం కంటే, అంతా మూటగట్టి కిందికి దించుకొని, మళ్లీ నా ఖాతాలోకి ఎక్కించడం మేలనుకున్నాం. ఈ మూటను ‘జిప్’ అంటారు. ఈ పనికి మా మూడో సంవత్సరం అమ్మాయి ఒకతె ముందుకొచ్చింది. చురుకైన పిల్ల. కంప్యూటరు ముందు కూర్చుంటే దానికి ఆకలి దప్పులుండవు.

పెద్ద ఫోల్డరును దించమంటే క్లౌడువారు ఒకే మూట కట్టరు, సుమారు 2 జీబీల చొప్పున ముక్కలు చేసి ఇస్తారు. మాకు పది ముక్కలు వచ్చాయి. ఇందులో ఒక తిరకాసున్నది. ఒకటో ముక్కలో మొదటి ఫోల్డరు, రెండోదాంట్లో రెండో ఫోల్డరు అనుకుంటే పొరపాటు. ఒకే ఫోల్డరులోని పాటలు మూడు ముక్కల్లో చెదిరి ఉండవచ్చు. అంచేత పది ముక్కలనూ ఒకే చోట విప్పి, ఫోల్డర్లు ఒకదానిలో ఒకటి కలిసేటట్టు చూసుకోవాలి. వేరువేరుగా విప్పితే పది సగం సంసారాలు తయారవుతాయి.

ఆ పిల్ల అన్నీ జాగ్రత్తగానే విప్పింది. విప్పి లెక్కపెడితే 571 వచ్చాయి. 41 లేవు.

“ఎక్కడికి పోతాయి మేడం! ఒకటి రెండు అటూ ఇటూ ఉంటాయి గాని,” అన్నది.

నలభై ఒకటి అంటే నలభైమంది ముసలమ్మలు. ఏ ఒకటి, ఏ రెండు? అసలు ఫోల్డరులోని పేర్ల జాబితా ఒక పక్కన, దిగినవాటి జాబితా ఒక పక్కన పెట్టుకొని రెండు సాయంత్రాలు కూర్చున్నాం. ఇది తప్ప వేరే మార్గం లేదు. ‘ఏదో తేడా వచ్చింది’ అని మళ్లీ మొదటినుంచి దించితే తేడా కూడా మళ్లీ మొదటినుంచి వస్తుంది.

పదిహేడు తేలికగానే దొరికాయి. అంటే వాటి ఆచూకీ దొరికింది. అవి మాస్టారి ఫైళ్లు కానే కావు. పిల్లలు తమ తమ సొంత ఖాతాల్లో ఉంచుకుంటే, మాస్టారి ఫోల్డరులో వాటి చీటీలు మాత్రం ఉన్నాయి. మూట కట్టినప్పుడు చీటీలు రాలేదు. మాస్టారి ఖాతా మూసినా మూయకపోయినా, ఆ పిల్లలు తమ ఖాతాలు వదిలేసిన రోజున అవి పోయేవే. వదిలేయడమంటే పనిగట్టుకొని తీసేయనక్కరలేదు. రెండేళ్లపాటు వాడని సొంత ఖాతాలను తొలగించవచ్చునని గూగుల్ 2023లో ప్రకటించి, ఆ ఏడాది డిసెంబరు నుంచి అమలు మొదలుపెట్టింది. వాళ్ల బీరువా, వాళ్ల నియమం. మీ ఇంట్లో కూడా ‘పాత ఈమెయిలులో ఉన్నాయిలే’ అనుకునే ఫోటోలుంటే, అందులోకి ఒకసారి తొంగిచూసి రండి.

ఇంకో పదమూడు ఫైళ్లు విప్పేటప్పుడు రాలిపోయాయి. కారణం చెబితే నవ్వుతారు: పేర్లు బాగా పొడుగు. మాస్టారు పిల్లలకు అలా నేర్పారు మరి. ఏ పాట, ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ సందర్భం, ఎవరు రికార్డు చేశారు, అన్నీ పేరులోనే ఉండాలి. పరిశోధన పద్ధతిలో అది మెచ్చుకోవలసిన పనే. కాని ఫైలు పేరూ, అది ఉన్న ఫోల్డరు పేరూ, దాని పైఫోల్డరు పేరూ కలిపి మొత్తం దారి 260 గుర్తులు దాటకూడదని కంప్యూటర్లలో ఒక పాత కట్టుబాటున్నది. మా మూట డెస్కుటాపు మీద, ఫోల్డరులో ఫోల్డరు, దానిలో ఫోల్డరు అంటూ నాలుగంతస్తుల లోపల విప్పాం. మందు చిన్నదే. ఫోల్డరు పేరును ‘ప’ అని ఒక్క అక్షరంగా పెట్టి, డిస్కులో అన్నిటికంటే పైన విప్పితే పదమూడూ బుద్ధిగా వచ్చి కూర్చున్నాయి.

ఈ సందర్భంలో తెలుగువాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. ఒక పంతులమ్మగా చెప్పకుండా ఉండలేను. ‘స్త్రీ’ అనేది మనకు ఒక్క అక్షరం. యంత్రానికి అది ఆరు గుర్తులు: సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, దీర్ఘ గుడి. పైగా నెట్టులో అందరూ వాడే లెక్కలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలితే, తెలుగు గుర్తు ఒక్కొక్కదానికి మూడు బైట్లు. వెరసి ఒక్క ‘స్త్రీ’కి పద్ధెనిమిది. లినక్సు కంప్యూటర్లలో ఒక ఫైలు పేరు సాధారణంగా 255 బైట్లకు మించరాదు. అంటే ఇంగ్లీషువాడికి 255 అక్షరాలు, మనకు 85 గుర్తులు. మూడింతల కూలి తీసుకొని మూటలో మూడోవంతు మోసినట్టున్నది కదూ! అయినా నేను పేర్లు తెలుగులోనే పెడతాను. చిన్నవి పెడతాను. మిగతా వివరాలు వేరే ఒక పట్టికలో వ్రాసి, ఆ పట్టికను కూడా పాటల పక్కనే దాస్తాను. ఫైలు పేర్లలో ప్రశ్నార్థకం, నక్షత్రం, వాలుగీత, రెండు చుక్కలు వాడవద్దని కూడా పిల్లలకు చెబుతుంటాను. క్లౌడులో చెల్లుబాటయ్యే ‘12/3’ అనే తేదీ, కిందికి దిగాక వేరే రూపం పట్టవచ్చు, అసలు దిగకనే పోవచ్చు.

ఈలోగా ఆ పిల్ల ఒక కేక వేసింది. “మేడం! ‘బైరాగి తత్త్వాలు’ ఫోల్డరు రెండుసార్లు వచ్చింది. ఒకటి తీసేస్తాను.”

“ఆగమ్మా!” అన్నాను.

ఒకే చోట, ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు ఉండటానికి ఆ కంప్యూటరు ఒప్పుకోదు. ఒప్పుకున్నదంటే పేర్లు ఒకటి కావన్నమాట. చూస్తే అక్షరం పొల్లుపోకుండా ఒకటే. కాని ఒకదానిలో 14 పాటలు, రెండోదానిలో 9. ఒక్కటీ ఉమ్మడిది కాదు! సంగతేమిటంటే, ‘బై’ అన్నప్పుడు ఆ ఐత్వాన్ని కంప్యూటరు రెండు విధాలుగా వ్రాసుకోగలదు. ఒకే గుర్తుగా ఒక పద్ధతి. పైన ఎత్వం, కింద తోక అని రెండు గుర్తులుగా ఇంకో పద్ధతి. మనం పలక మీద దిద్దినట్టే! కంటికి రెండూ ఒకటే, యంత్రానికి రెండూ వేరు. మాస్టారికి అమెరికాలో ఉన్న కొడుకు ఒకప్పుడు వేరే రకం కంప్యూటరు పంపించాడు. అందులోంచి ఎక్కించిన పేర్లు రెండో పద్ధతిలో ఉన్నాయి, కాలేజీ కంప్యూటరులోవి మొదటి పద్ధతిలో. కై, పై, మై, వై అన్నచోటల్లా ఇదే తంతు. పదం చివర పొల్లు తరువాత కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని గుర్తు ఒకటి చేరుస్తాయి. దానివల్లా ఇటువంటి కవలలే పుడతారు. అంచేత ‘రెండుసార్లు వచ్చింది’ అని దేన్నీ తీసేయకూడదు. తెరిచి చూడాలి.

తీసేయడం మాట వచ్చింది కాబట్టి మా పక్కింటివారి కథ రెండు ముక్కల్లో చెబుతాను. ఫోనులో చోటు చాలక, ఫోటోలు ‘ఎలాగూ క్లౌడులో ఉన్నాయి కదా’ అని ఆ ఇల్లాలు ఫోనులోంచి తీసేసింది. క్లౌడులోనూ పోయాయి. అది నకలు కాదు, జత. ఇక్కడ చేసిన పని అక్కడ కూడా జరిగేటట్టు ముడివేసి ఉన్నది. అదృష్టంకొద్దీ అక్కడి చెత్తబుట్టలో ముప్పై రోజులపాటు ఉంచుతారు; పన్నెండో రోజున మనవడు వచ్చి తీసి ఇచ్చాడు.

ఇక మిగిలినవి పదకొండు. అవి ఏడో ముక్కలోవి. ఆ ముక్క దిగేటప్పుడు కరెంటు పోయి మధ్యలో తెగింది. అందుకని అది తెరుచుకోలేదు. మా పిల్ల పాడైన మూటలను బాగుచేసే సాధనమేదో సంపాదించి, దాన్ని విప్పి, పదకొండు ఫైళ్లూ బయటికి లాగింది. పేర్లన్నీ సరిపోయాయి. “అయిపోయింది మేడం!” అని చేతులు దులుపుకొన్నది.

నేను తాళపత్రాలు చదివిన చదువు చదివినదాన్ని. నకలు తీసినంత మాత్రాన పని అయిపోయిందని మా పెద్దలెవరూ ఒప్పుకోలేదు. చూసింది చూసినట్టు వ్రాశాను, తప్పులుంటే నావి కావు అని వెనకటి లేఖకులు పుస్తకం చివర చెప్పుకొని చేతులు కడుక్కునేవారు. బ్రౌను దొర కడపలో బంగళా పెట్టి, పండితులకూ లేఖకులకూ జీతాలిచ్చి, ఒకే గ్రంథానికి నాలుగైదు ప్రతులు తెప్పించి ఒకదానితో ఒకటి సరిచూడమనేవాడంటే, లేఖకుడి మాట నమ్మకనే కదా! మెకంజీ సేకరించిన కైఫియత్తులకు కూడా ఆయన మళ్లీ నకళ్లు తీయించాడు. అవి శిథిలమవుతున్నాయని గ్రహించి, అసలు చేతిలో ఉండగానే ఆ పని చేయించాడు.

“పేర్లు కాదమ్మా, పరిమాణాలు సరిచూడు,” అన్నాను. చూస్తే పదింటికి సరిపోయింది. ఒకటి అక్కడ 41 ఎంబీ, ఇక్కడ 17.

అది ‘ఊర్మిళాదేవి నిద్ర’. 2012లో మా విద్యార్థిని ఒకతె వాళ్ల నాయనమ్మచేత పాడించింది. ఇరవై ఎనిమిది నిమిషాలు. ఆ నాయనమ్మ 2016లో పోయింది. ఈ పాట తెలిసినవారు చాలామందే ఉంటారు గాని, ఆ ముసలమ్మ చివర్లో కలిపిన చరణాలు వేరే ఎవరి దగ్గరా మాకు దొరకలేదు. దిగిన ఫైలు పెట్టి విన్నాం. రాములవారు కొలువుదీరారు. లక్ష్మణుడు సెలవు తీసుకొని ఊర్మిళ గదికి వచ్చాడు. గుమ్మం దగ్గర, సరిగ్గా పదకొండో నిమిషంలో, పాట ఆగిపోయింది. ఊర్మిళ ఇంకా మేలుకోలేదు. మా పిల్ల తెర వైపు చూస్తూ కూర్చున్నది. ఏమీ అనలేదు.

అసలు ఇంకా ఉన్నది కాబట్టి సరిపోయింది. తారీఖు ఏప్రిల్ 26. ఆ ఒక్క ఫైలునూ విడిగా దించాం. 41 ఎంబీ, ఇరవై ఎనిమిది నిమిషాలు, చివర్లో ముసలమ్మ దగ్గుతో సహా వచ్చింది.

పరిమాణం సరిపోయినంత మాత్రాన లోపలి సరుకు సరిపోయినట్టు కాదని సందేహం ఎవరికైనా రావచ్చు. దానికీ ఉపాయమున్నది. ప్రతి ఫైలుకూ వేలిముద్ర వంటిది ఒకటి లెక్కకట్టి తీయవచ్చు. 1992లో ప్రకటించిన ఎమ్‌డీ5 అనే పద్ధతిలో అది 32 అక్షరాల గొలుసు. ఫైలులో ఎక్కడ ఒక్క చుక్క మారినా గొలుసు వేరేదైపోతుంది. కావాలని మోసం చేసేవాడిని పట్టుకోవడానికి ఆ పద్ధతి ఈ రోజుల్లో చాలదంటారు గాని, దారిలో చిరిగిన మూటను పట్టుకోవడానికి చాలు. నిమిషంలో వందల ఫైళ్ల ముద్రలు తీసి జాబితా ఇచ్చే చిన్న సాధనాలు ఊరికే దొరుకుతాయి. దించుకున్నవాటికీ, నా ఖాతాలోకి ఎక్కించి మళ్లీ దించి చూసినవాటికీ మా పిల్ల ముద్రలు సరిచూసింది. తేడా ఒక్కటీ రాలేదు.

ఇప్పుడా పాటలు మూడుచోట్ల ఉన్నాయి. నా ఖాతాలో ఒకటి, శాఖ బీరువాలో హార్డు డిస్కులో ఒకటి, మాస్టారింట్లో ఇంకొక డిస్కులో ఒకటి. ఏడాదికొకసారి మూడూ తెరిచి లెక్క చూడటం దసరా సెలవుల ముందు పనిగా పెట్టుకున్నాం. మాస్టారి ఖాతా చెప్పిన రోజునే మూశారు. ఆయన మర్నాడు ఫోన్ చేసి, “ఊర్మిళ లేచిందా అమ్మా?” అని అడిగారు.

చీటీల పదిహేడింటిలో పదిహేను తిరిగి వచ్చాయి. ఒకమ్మాయి మండలంలో టీచరు, ఒకబ్బాయి హైదరాబాదులో ఆటో షోరూములో ఉన్నాడు, ఒకరిద్దరు బెంగళూరులో. ఫోన్ చేస్తే, “మా అమ్మమ్మ పాట ఇంకా ఉందా మేడం?” అని వాళ్లే ఆశ్చర్యపోయి, ఆ రాత్రికే పంపించారు. మిగిలిన రెండూ ఒకే అబ్బాయివి. మస్కటులో ఉన్నాడట. ఖాతా తెరుచుకోవాలంటే పాత ఫోను నంబరుకు వచ్చే అంకె కావాలి, ఆ నంబరు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నదో తెలియదు. ఒకటి పొలం పాట, ఇంకొకటి వాళ్ల అమ్మమ్మ మనవడికి చెప్పిన కథ. పాతఫోను ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్నదని, దానిలో ఉంటే ఉండవచ్చుననీ వాళ్లమ్మ చెప్పింది. తాళంచెవి అబ్బాయి దగ్గరే ఉన్నదట. సంక్రాంతికి వస్తాడు.